గడియ పీకేసిన గది

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 12

వర్షా,

నీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి తొమ్మిది రోజులైంది. మొదటి రెండు రోజులు ఊరెళ్లావనుకున్నాను. మూడో రోజు ఇన్‌స్టాలో మన అకౌంట్ తెరిస్తే లేదు. రెండేళ్లలో పెట్టిన నూట నలభై రివ్యూలూ పోయాయి. నువ్వు తీసేయవని నాకు తెలుసు.

ఆ పోర్చుగల్ సబ్బులావిడ నాకు మెయిల్ పెట్టింది. ఎక్కడికి పోయారు, మా కొత్త సబ్బుకి మీ నీళ్లలో నురగ వచ్చిందా లేదా అని. మనం ఆవిడకి పంపిన మొదటి మెసేజ్ గుర్తొచ్చింది. "మీ ఊరి నీళ్లలో ఏ సబ్బయినా నురగొస్తుంది. మా ఎల్బీనగర్ బోరు నీళ్లలో వస్తే అప్పుడు మాట్లాడండి. ఒకటి పంపితే ఉన్నది ఉన్నట్టు చెప్తాం." నువ్వు కొళాయి దగ్గర నిలబడి నవ్వుతూ అన్నావు, నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టాను. చిన్న కంపెనీల వాళ్లకి ఆ పొగరు నచ్చింది. చేతులు నీవి, మాటలు నావి. ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

శనివారం మెట్రో ఎక్కి మీ ఇంటికి వచ్చాను. మూడు స్టేషన్లే కదా. గేటు దగ్గర మీ అన్న బాల్‌రాజ్ గారి కారు, కుర్చీలు వేసుకుని ఇద్దరు మనుషులు. "ఎవరు గావాలె?" అన్నాడు ఒకతను. "ఎవరూ కాదండి, వీధి తప్పాను" అన్నాను. అని వెనక్కి వచ్చేశాను. తిరుగు ప్రయాణమంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పోయినేడు మా హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోమడానికి మీ ఇంట్లో పనిచేసే అండాలమ్మను నువ్వే కుదిర్చావు. ఈ రోజు మధ్యాహ్నం ఆమెను అడిగాను. "పొద్దుగాల వాళ్లింట్ల చేసే వొస్తున్న బిడ్డా. చిన్నమ్మ చెయ్యికి కట్టు కట్టిన్రు" అంది. ఏమైందని అడిగాను. గిన్నె మీద మసి పోయాక కూడా తోముతూనే ఉంది.

ఈ కాగితం ఆమెకే ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు, ఎవరికీ చూపదు. ఒక్క ముక్క రాసినా చాలు.

అమల


ఎల్బీనగర్,
జూన్ 14

అమలా,

ఎడమ చేత్తో రాస్తున్న. అక్షరాలు చూసి నవ్వకు. మన స్కూల్ సిస్టర్ ఉంటే స్కేలు పట్టుకునేది.

పార్సెల్ వొచ్చింది. మూడో తారీఖు, సోమవారం. లిథువేనియాల చేతుల క్రీమ్ చేసేటాయన, నువ్వే రాసినవు గదా ఆయనకు. అది నీ హాస్టల్‌కు పోవాలె. మా ఇంటికొచ్చింది. నేను స్నానంల ఉన్న. అన్న సంతకం పెట్టి తీసుకుండు, కత్తితోని కోసిండు. లోపల క్రీమ్ డబ్బా, చేత్తో రాసిన కార్డు, ఆయన ఫొటో. చిన్న కంపెనీలోళ్లు పెడతరు గదా గట్ల, మేమే చేస్తున్నం చూడున్రి అని. ఫొటోల గడ్డమాయన డబ్బా పట్టుకొని నవ్వుతుండు. పక్కన కుక్క.

"ఎవడు వీడు" అన్నడు అన్న. చెప్పిన. సబ్బులు, క్రీములు, రివ్యూలు, దోస్తు ఒకామె రాస్తది, నేను చేసి చూపిస్త, మొఖం చూపియ్యం, చేతులే అని. అన్నీ చెప్పిన. ఫోన్ గుంజుకొని చూసిండు. రెండేళ్లవి. నా చేతులు, నా చేతులు, నా చేతులు. కింద ఎవరెవరో మొగోళ్లు బాగున్నయి అని రాసిన్రు. ఆ క్రీమ్ బాగుందని రాసిన్రో చేతులని రాసిన్రో వానికెందుకు.

"చేతులే గదా" అన్నడు.

నా గది తలుపు దగ్గర నిలబెట్టిండు. కుడి చెయ్యి పట్టుకొని తలుపు సందుల పెట్టిండు, బందుల దిక్కు. ఇంకో చేత్తోని తలుపు మూసిండు. ఒకసారి కాదు. మొదటిసారి నాకు చప్పుడు వినొచ్చింది, నొప్పి తెల్వలే. రెండోసారి తెలిసింది. చూపుడు వేలు, నడిమి వేలు. గోరు ఊడి చౌకట్‌కు అతుక్కుంది. అమ్మ వంటింట్ల కుక్కరు పెట్టింది. మూడు విజిల్స్ వొచ్చినయి, ఆమె బయటికి రాలే.

దవాఖానల అమ్మనే చెప్పింది, బాత్రూంల జారి తలుపు మీద పడ్డదని. డాక్టరు నా దిక్కు చూసిండు. నేనూ గదే చెప్పిన.

ఇంటికొచ్చినంక నా గదికి లోపలి గడియ పీకేసిండు. స్క్రూలు జేబుల ఏసుకుండు. "ఇగ నీకు మూసుకునేటి తలుపు లేదు" అన్నడు. అకౌంట్ వాడే తీసేసిండు, ఫోన్ వాని కారుల ఉన్నది.

ఒకటి చెప్పు. ఆయనకు మా ఇంటి అడ్రసు ఎట్ల దొరికింది? నేను గదే ఆలోచిస్తున్న పండుకొని. మన లెక్క ప్రకారం ఏ పార్సెలైనా నీకే గదా.

వర్ష


దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 15

వర్షా,

నీ ఉత్తరం చదివి బాత్రూంలో కుళాయి తిప్పి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మా వార్డెన్ సూర్యప్రభ గారు తలుపు కొట్టి నీళ్లు వృథా అవుతున్నాయని అరిస్తే లేచాను.

అడ్రసు సంగతి నేను కనుక్కుంటాను. పాత మెసేజ్‌లు వెతకాలి. ఒక్కోసారి వాళ్లు ఎక్కడెక్కడో చూసి పంపేస్తారు.

నువ్వు అక్కడ ఉండకూడదు. పోలీసులకి చెప్దాం. వందకి ఫోన్ చేస్తే వస్తారు. లేదా నువ్వు పొద్దున కూరగాయలకని కొత్తపేట రైతు బజారుకి రాగలిగితే నేను అక్కడ నిలబడతాను. ఏది అంటే అది.

ఈలోపు ఒక పని చేశాను. ఐర్లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో భార్యాభర్తలు తలుపు కింద దూర్చే రబ్బరు అడ్డు తయారుచేస్తారు. ముక్కోణంగా ఉంటుంది. తలుపు బయటి నుంచి తోస్తే అది ఇంకా బిగుసుకుంటుంది, పైగా పెద్దగా మోగుతుంది. ఒంటరిగా హోటళ్లలో ఉండే ఆడవాళ్ల కోసం చేశారట. వాళ్లకి రాత్రి మెసేజ్ పెట్టాను. మన అకౌంట్ లేదు కదా, ఊరికే నా పేరుతో రాశాను. ఎప్పటిలా పొగరుగా రాయలేకపోయాను.

నీ గది తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? నేల ఏమిటి? టైల్సా, గ్రానైటా? తలుపు కింద ఎన్ని వేళ్ల సందు ఉంది? ఇవి వాళ్లు అడుగుతారు.

అమల


ఎల్బీనగర్,
జూన్ 20

అమలా,

లోపలికే తెరుచుకుంటది. సందు ఒక వేలు. నేల షాబాద్ బండలు. మా నాయిన ఈ ఇల్లు కట్టిచ్చినప్పుడు ఏసినయి, ముప్పై ఏండ్లు అమ్మ తుడిచి తుడిచి అద్దం లెక్క చేసింది. నీకు నవ్వొస్తలేదా? నా మీద తలుపు పడుతుంటే నువ్వు కొలతలు అడుగుతున్నవు.

నవ్వుదామని రాసిన. నవ్వకు.

పోలీసు అంటున్నవు. ఎవరు చెప్తరు వాళ్లకు? అమ్మ చెప్పది. నేను జారి పడ్డ అని దవాఖాన కాగితం మీదనే ఉన్నది. రైతు బజారుకు రమ్మంటున్నవు. గేటు దాటనిస్తలేరు. నా టెన్త్ మెమో, డిగ్రీ, ఆధార్ అన్నీ వాని బీరువల ఉన్నయి. అవి లేకుంట వొచ్చి నీ హాస్టల్ మంచం కింద పండుకోనా?

మొన్న మంగళవారం మల్ల వొచ్చిండు. నేను పండుకొని ఉన్న. గడియ లేదు గదా, తలుపు తన్నిండు, వొచ్చిండు. అకౌంట్ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు అన్నడు. నీ పేరు చెప్పలే. బెల్టు తీసిండు. బకిల్ ఉన్న దిక్కు. వీపు మీద ఏడు దెబ్బల దాకా లెక్క పెట్టిన, తర్వాత పెట్టలే. కట్టు కట్టిన చెయ్యి మీద కాలు పెట్టి నిలబడ్డడు. "చూపియ్యి ఇప్పుడు, ఇంకెవనికి చూపిస్తవో" అన్నడు. అమ్మ అడ్డం వొస్తే అమ్మను కూడ ఒకటి గుద్దిండు. ఆమె నోట్లెకెల్లి రక్తం కారింది. పొద్దుగాల వానికి చపాతీలు చేసి పెట్టింది.

ఒక మాట రాస్త. నువ్వు చదివి చింపెయ్యి. మంచం కింద ఇంత పెద్ద ఇనుప ముక్క ఉన్నా బాగుండు. ఈసారి వొస్తే నేనే కొడ్త. ఏడ తగిలితే ఆడ. వాడు సచ్చినా నాకేం బాధ లేదు. నేను గిట్ల అనుకుంటనని నాకే తెల్వదు. ఈ మాట రాస్తుంటే వేళ్ల నొప్పి కూడ పోయింది.

అడ్రసు దొరికిందా?

వర్ష


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 3

వర్షా,

అడ్డు వచ్చింది. ఈ ఉత్తరంతో పాటే అండాలమ్మ సంచిలో కూరగాయల కింద ఉంది.

ఐర్లాండ్ ఆవిడ ముందు ఒప్పుకోలేదు. మీకు అకౌంట్ లేదు, ఫాలోవర్లు లేరు, మీరు రివ్యూ రాస్తే ఎవరు చూస్తారు అంది. అప్పుడు ఇలా రాశాను: "ఎవరూ చూడరు. నా స్నేహితురాలి గదికి గడియ పీకేశారు. మీరు దీన్ని హోటళ్ల కోసం చేశారు. సొంతింట్లో పనికొస్తుందో లేదో ఆమె చెప్తుంది." రెండు గంటల్లో జవాబొచ్చింది. రివ్యూ అక్కర్లేదు, పంపుతున్నాను, ఏ అడ్రసుకో చెప్పు అంది.

ఆ ప్రశ్న చూశాక ఇక దాచలేకపోతున్నాను.

మీ ఇంటి అడ్రసు ఇచ్చింది నేనే. ఆ క్రీమ్ పార్సెల్‌కి. మే నెలలో మూడు పార్సెళ్లు వరసగా వచ్చాయి. సూర్యప్రభ గారు అందరి ముందు భోజనాల దగ్గర, "ఏమ్మా అమలా, విదేశాల నుంచి నీకెవరు పంపుతున్నారు ఇవన్నీ? ఇది హాస్టలా, పోస్టాఫీసా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను కంచం వదిలేసి లేచాను. ఆ మర్నాడు లిథువేనియా ఆయన అడ్రసు అడిగాడు. ఆవిడ ముందు మళ్లీ నిలబడి సంతకం పెట్టాలంటే భయం వేసింది. ఈ ఒక్కసారికి అనుకుని మీ ఇంటిది ఇచ్చాను. నీకు చెప్దామనుకున్నాను. చెప్తే తిడతావని చెప్పలేదు.

ఒక ముసలావిడ వేళాకోళానికి భయపడ్డాను. దానికి నీ వేళ్లు పోయాయి. నువ్వు మూడు వారాల నుంచి అడుగుతున్నావు, నేను పాత మెసేజ్‌లు వెతకాలని రాశాను. అది అబద్ధం.

ఈసారి పార్సెల్ ఇక్కడికే వచ్చింది. సూర్యప్రభ గారు ఏదో అన్నారు. ఏమన్నారో నేను వినలేదు.

క్షమించమని అడగను.

అమల


ఎల్బీనగర్,
జూలై 5

అమల గారికి,

మీరు పంపిన వస్తువు అందింది.

అన్న ఇంట్లో లేనప్పుడు అండాలమ్మను బయట నిలబెట్టి తోయించిన. మోగుతుంది, బాగానే మోగుతుంది. వెంటనే ఆపేసిన. కానీ ఆగదు. షాబాద్ బండ మీద జారుతుంది. అండాలమ్మ ఒక చేత్తో తోస్తేనే జానెడు వెనక్కి వచ్చింది. తడి గుడ్డ వేసి చూసిన, గోనె పట్టా వేసి చూసిన. పట్టాతో సహా జారింది. వాళ్ల దేశంలో నేలలు చెక్కవి అయి ఉంటయి, లేకపోతే కింద తివాచీలు పరుచుకుంటరు.

ఇదే రివ్యూ. ఇంగ్లీషులో పెట్టి వాళ్లకు పంపండి. మాటలు మీవి గదా.

ఇట్లు,
వర్ష


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 6

వర్షా,

నువ్వు 'గారు' అని రాసినా నేను మామూలుగానే రాస్తాను. నన్ను మీరు అనే హక్కు నీకుంది.

ఐర్లాండ్ ఆవిడకి నువ్వు రాసింది ఉన్నది ఉన్నట్టు పంపాను. ఆమె, వాళ్లాయన వాళ్ల వంటింటి గచ్చు మీద నూనె పోసి మళ్లీ పరీక్షించారట. నీ మాట నిజమేనని రాశారు. అంత నున్నటి నేల మీద నిలవాలంటే నేలనే గరుకు చేయాలి, ఇంకో దారి లేదన్నారు.

ఆ మాట అండాలమ్మకు చెప్పాను. ఆమె గిన్నెలు పక్కన పెట్టి, "గిదా? నా పెనిమిటి ఊరూరు తిరిగి రోళ్లకు, ఇసుర్రాళ్లకు గాట్లు కొట్టేటోడు. రాయి నున్నగయితే పిండి జారుతది గదా. ఆయన పోయినా ఉలి, సుత్తె ఇంట్లనే ఉన్నయి. నాకూ కొట్టొస్తది" అంది.

సోమవారం మీ అన్న రిజిస్ట్రేషన్ పని మీద పొద్దంతా ఇంట్లో ఉండడని నువ్వే ఆమెకు చెప్పావట. ఆమె తెస్తుంది. మీ అమ్మ ఏమంటారో నాకు తెలియదు.

అమల


ఎల్బీనగర్,
జూలై 8

గాట్లు కొట్టింది. తలుపు వెనక రెండు బండల మీద, రోటికి కొట్టినట్టే, దగ్గర దగ్గర. గంట పట్టింది. అమ్మ వొచ్చి గుమ్మంల నిలబడి చూసింది. ముప్పై ఏండ్లు తుడిచిన బండలు. "ఏందే అండాలూ గది" అన్నది. "పాప కాలు జారుతదంట పటేలమ్మ, మొన్న బాత్రూంల జారింది గదా" అన్నది అండాలమ్మ. అమ్మ లోపలికి పోయింది. చీపురు తెచ్చి ఆ రాతి పిండి తనే ఊడ్చింది. పైన పట్ట కప్పింది.

అడ్డు పెట్టి చూసినం. అండాలమ్మ భుజం పెట్టి తోసింది. కదలలే.

ఉలి నా దగ్గర పెట్టుకున్న. పోయి మల్ల తెచ్చుడెందుకు, ఉంచు అన్న. అండాలమ్మ నా దిక్కు చూసి, సుత్తె ఒక్కటే తీసుకపోయింది.

నీ మీద కోపం పోలేదు. చెప్తున్న.

వర్ష


సైదాబాద్,
జూలై 16

అమలా,

మా మేనత్త అనంతమ్మ ఇంటి నుంచి రాస్తున్న. ఆదివారం పగటీలి జరిగింది. అండాలమ్మ నీకు కొంత చెప్పి ఉంటది. ఆమెకు తెల్వనిది రాస్త.

అన్నం తిన్నంక అన్న నా గది దిక్కు వొస్తున్న చప్పుడైంది. ఆ లిథువేనియాయన మా ఇంటికే ఇంకో కార్డు పంపిండంట, ఎట్లున్నరు అని. అది వాని చేతుల ఉన్నది. నేను తలుపు ఏసి, పట్ట గుంజి అడ్డు దూర్చిన.

తోసిండు. మోగింది. నీకు చెప్తే నమ్మవు, అంత చిన్న ముక్కల నుంచి ఆ చప్పుడు. పక్కింటోళ్లు బోనాలకు మైకు టెస్టు చేస్తున్నరనుకున్నరంట. వాడు ఒక నిమిషం ఆగిండు, ఏందో తెల్వక. తర్వాత తన్నుడు మొదలుపెట్టిండు. నేను గోడకు ఆనుకొని ఉలి పట్టుకొని కూసున్న. ఎడమ చేత్తో. తలుపు నడుమ పగులు పడ్డది. కింద మాత్రం కదలలే, అమలా. రబ్బరు ఆ గాట్లల్లకు దిగి కూసున్నది. వాడు కాలితోని, భుజంతోని, కుర్చీతోని కొట్టిండు. నా కండ్ల ముందల అది ఒక వెంట్రుక వాసి జరగలే. నాకు నవ్వొచ్చింది. నిజంగ నవ్విన. పది నిమిషాలు పైనే అయింది, వీధిలకు మనుషులు వొచ్చిన చప్పుడు, ఎవరో గేటు కొడుతున్నరు. ఇగ అయిపోయింది, వాళ్లు వొస్తరు, నేను బయట పడ్డ అనుకున్న.

అప్పుడు అమ్మ అడ్డమొచ్చింది. తలుపుకు వీపు పెట్టి నిలబడ్డది. "ఇడిసిపెట్టురా, చెయ్యి పోయింది గదా, ఇంక ఇడిసిపెట్టు" అన్నది. వాడు అమ్మ జుట్టు పట్టిండు. పట్టి ఆమె తలనే తలుపుకు కొట్టుడు మొదలుపెట్టిండు. నా తలుపు, ఆమె తల. ఒకటి. రెండు. మోగుతనే ఉన్నది. ఆ మోతల కూడ నాకు వేరేగ వినొచ్చింది, ఎముక చప్పుడు వేరే. అమ్మ అరుస్తలేదు. మూడోదానికి ఆమె కాళ్లు తలుపు కింద సందుల నుంచి కనపడ్డయి, మడుచుకపోతున్నయి.

అడ్డు నిలబడ్డది. నేనే తీసిన.

కాలితోని పక్కకు తన్ని తలుపు గుంజిన. అమ్మ నా మీదికి పడ్డది. వాడు ఆమె జుట్టు ఇంకా ఇడువలే. నేను కొట్టిన. భుజానికి, మెడకు నడుమ, ఆ సన్న ఎముక మీద. ఉలి మొనతోనే. ఒకసారి దిగింది, తీసి మల్ల కొట్టిన. రెండోది కావాల్నని కొట్టిన. మొదటిదానికే వాడు అమ్మను ఇడిసిండు, నాకు తెలుసు. అయినా కొట్టిన. రక్తం నా మొఖం మీద పడ్డది, వెచ్చగ. వాడు కూసున్నడు. చిన్నప్పుడు పతంగి తెగితే కూసున్నట్టు కూసున్నడు.

గేటు తీసుకొని జనం వొచ్చిన్రు. ఎవరో వందకు కొట్టిన్రు. పోలీసులు ఇద్దరినీ, అమ్మను కూడ, దవాఖానకు తీసుకపోయిన్రు. వాని ఎముక ఇరిగింది, ఊపిరితిత్తికి ఇంతల తప్పింది. బతుకుతడు. అమ్మకు తలకు తొమ్మిది కుట్లు.

అమ్మ కుట్లు ఏయించుకుంట చెప్పింది పోలీసులకు. "నా బిడ్డ నా కొడుకును పొడిసింది. నేను ఇడిపిచ్చవోయి పడ్డ."

నేను పక్క మంచం మీదనే ఉన్న. విన్న.

స్టేషన్‌ల ఎస్సై మేడం మంచిగనే మాట్లాడింది. వీధిలోళ్లు చప్పుడే విన్నరు, ఎవరు ఎవరిని కొట్టిన్రో చూడలేదంట. "ఇంతకుముందు వాడు నిన్ను కొట్టినట్టు ఏమన్న ఉన్నదా? ఎవరికన్న చెప్పినవా?" అన్నది. చేతి కాగితంల జారి పడ్డ అనే ఉన్నది గదా. "చెప్పలే మేడం, రాసిన" అన్న. "ఎవరికి?" నీ పేరు చెప్పిన. గురువారం పదకొండు గంటలకు నిన్ను ఆ ఉత్తరాలు తీసుకొని రమ్మన్నది. అప్పటిదాకా అత్త పూచీ మీద ఇక్కడ ఉన్న. ఆ ఉత్తరాలు లేకుంటే నేను అన్నను సంపవోయిన చెల్లెను. గంతే.

ఉంచినవా? చింపమన్నది కూడ?

వర్ష


దిల్‌సుఖ్‌నగర్,
జూలై 17, పొద్దున

వర్షా,

అన్నీ ఉన్నాయి. చింపమన్నదీ ఉంది. డిక్షనరీలో పేజీల మధ్య దాచాను. నేను నీకు రాసినవి కూడా ఉన్నాయి. స్కూల్లో నేర్పారు కదా, ముందు రఫ్‌లో రాసి తర్వాత ఫెయిర్ చేయమని. ఆ అలవాటు పోలేదు.

నిన్న సాయంత్రం మా నాన్నగారి స్నేహితుడు సాంబమూర్తి గారి దగ్గరికి వెళ్లాను. ప్లీడరు, ఇప్పుడు కోర్టుకు వెళ్లడం మానేశారు. ఒక్కదాన్నే వెళ్లాను. బెల్లు కొట్టి, ఉత్తరాలు ఆయన చేతికిచ్చి నిలబడ్డాను. ఆయన అన్నీ చదివారు. కాఫీ చల్లారిపోయింది.

"జూన్ ఇరవైది తీసెయ్యమ్మా" అన్నారు. "'ఈసారి వొస్తే నేనే కొడ్త' అన్నది. దాని తర్వాత ఉలి నా దగ్గర పెట్టుకున్నా అన్నదీ, రెండోసారి కావాలని కొట్టానన్నదీ. ఇవి చూస్తే ముందే అనుకుని కొట్టిందంటారు. మిగతావి చాలు, చెయ్యి విరగ్గొట్టింది చాలు." ఆ తర్వాత కళ్లజోడు తీసి, "నువ్వు రాసినవి కూడా అక్కర్లేదు. అనవసరంగా నీ పేరు స్టేషన్ కాగితాల్లోకి ఎందుకు? మీ నాన్న గంగాధరరావు నన్ను అడుగుతాడు" అన్నారు.

బెల్టు దెబ్బల సంగతి జూన్ ఇరవై ఉత్తరంలోనే ఉంది. మీ అమ్మగారిని అతను గుద్దాడన్నది కూడా అందులోనే ఉంది. అది తీసేస్తే అవీ పోతాయి. ఉంచితే నువ్వు అన్న మాట ఉంటుంది. ఆ మాట నీకు శిక్ష వేయించవచ్చు. నేను రాత్రంతా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నాకు తేలలేదు. ఇది నేను తేల్చేది కాదు కూడా. ఒకసారి నిన్ను అడగకుండా ఒకటి తేల్చాను.

ఏం చేయమంటావో రాయి. అండాలమ్మ సాయంత్రానికి తెస్తానంది.

ఇంకొకటి. మీ అన్న బతుకుతాడని విని నాకు సంతోషం కలగలేదు. నీకు సాయం కావచ్చని రాయడం లేదు. మనసులో ఉందని రాస్తున్నాను.

అమల


సైదాబాద్,
జూలై 17, మాపటీలి

అమలా,

అత్తకు సాంబమూర్తి గారి మాట చెప్పిన. ఆమె కూడ గదే అన్నది, తీసెయ్యమని. నేను మధ్యాహ్నం మొత్తం ఆలోచించిన. అమ్మకు అన్నం తీసుకొని దవాఖానకు పోయిన. ఆమె మొఖం అటు తిప్పుకుంది, అన్నం మాత్రం తిన్నది. ఒక్కటే మాట అన్నది. "వానికి రేపు ఎవరు వండి పెడతరే?" నాకు కోపం కూడ రాలే.

అమ్మ సగం చెప్పింది. బిడ్డ పొడిసిందని చెప్పింది, అది అబద్ధం కాదు. మిగిలిన సగం మింగింది. నేను కూడ దవాఖానల సగమే చెప్పిన, జారి పడ్డ అని. నువ్వు వెతకాలె అని రాసి మూడు వారాలు దాటేసినవు. మనం ముగ్గురం గట్లనే ఉన్నం ఈ నెల అంత. ఇగ నాతోని కాదు.

అన్నీ ఇయ్యి. కొడ్త అన్నది ఇయ్యి. ఉలి ఉంచుకున్నది ఇయ్యి. రెండోసారి కావాల్నని కొట్టిన అని రాసింది కూడ ఇయ్యి. దానికి ఏమిచ్చినా తీసుకుంట. బెల్టు, తలుపు, అమ్మ నోట్ల రక్తం, గవి పొయ్యేటట్టు నా మాట ఒక్కటి దాచుకొని నేనేం చేసుకోవాలె?

నీవి కూడ ఇయ్యాలె. అడ్రసు నువ్వే ఇచ్చినవని ఉన్నది ముందు పెట్టు. నాన్నగారు అడుగుతరంటే అడగనియ్యి. నావి పోతే నీవి పోవాలె. నీ మీద కోపం ఉన్నదా పోయిందా అని నన్ను అడగకు, నాకే తెల్వదు. రేపటి పని రేపు చేద్దాం.

నా ఎడమ చేతి రాత ఆ మేడంకు చదవరాదు. మొన్న నేను రాసిచ్చిన ఫిర్యాదు చూసి రెండుసార్లు తిరిగిచ్చింది. ఎవరితోని చదివిస్తరో, ఏం మింగుతరో తెల్వదు. సాంబమూర్తి గారి చేతికి ఇయ్యకు. నువ్వే చదువు. నీకు నలుగుర్ల మాట రాదు, నాకు తెలుసు. గేటు దగ్గర వీధి తప్పిన అని చెప్పి ఎనక్కి పోయినవు. రేపు పోకు.

నన్ను లోపలికి రానియ్యరంట నువ్వు చెప్పేటప్పుడు. బయట బల్ల మీద కూసుంట. జర గొంతు పెంచి చదువు, నాకు వినపడాలె.

వర్ష